తాబేలు గుడ్డుకు థర్మోస్టాటు

ప్రశ్న: అయ్యా, మాది ఉద్దానం తీరాన బారువకు దగ్గరలో ఒక పల్లె. మా బడిలో కోడిగుడ్లు పొదిగించే పెట్టె ఒకటి ఉన్నది. చెక్కపెట్టె, లోపల బల్బు, వేడి పెరిగితే బల్బును ఆర్పే థర్మోస్టాటు, అంతే. అందులో ఈ ఏడు పదకొండు పిల్లలు లేచాయి. మొన్న తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున తాబేలు గుడ్లు పెట్టిపోయిన చోటు చూశాము. కుక్కలు తవ్వి తినేస్తాయని భయంగా ఉన్నది. ఆ గుడ్లు తెచ్చి మా పెట్టెలో పొదిగించవచ్చునా? అమెరికాలో ఉన్న మా పెదనాన్న గారి అబ్బాయి ఒక బల్లిని గాజుపెట్టెలో పెంచుతున్నాడు. అటువంటి జంతువుల కోసం వేరే థర్మోస్టాట్లు అమ్ముతారట. మేము ఎటువంటిది కొనాలి?

జవాబు: ఈ ఉత్తరం అందగానే, రాసిన పిల్లలకు రెండు ముక్కల్లో జవాబు పంపాము: “గుడ్లను ముట్టుకోవద్దు. వెంటనే మీ మేష్టారి చేత అటవీశాఖవారికి కబురు చేయించండి.” పత్రిక వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది కదా! ఐతే, ఎందుకు ముట్టుకోరాదో, కోడిపిల్లలను లేపిన పెట్టె తాబేలుకు ఎందుకు పనికిరాదో అందరూ తెలుసుకోదగినదే. అందుచేత ఈ నెల ఈ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతున్నాము.

తొండ తెలివి

ముందు మీ బడి కంచె మీద ఉండే తొండను చూడండి. పొద్దున ఎండ రాగానే అది కంచె ఎక్కి, ఒళ్ళు ఎండకు అడ్డంగా పెట్టి కదలకుండా కూచుంటుంది. ఒళ్ళు కాగిన తరవాత పురుగుల వేటకు పోతుంది. మధ్యాహ్నం ఎండ మండేటప్పుడు ఆకుల చాటుకు చేరుతుంది. సాయంత్రం మళ్ళీ ఎండలోకి వస్తుంది.

తొండ ఇలా ఎందుకు తిరుగుతుంది? మన ఒంట్లో ఒక పొయ్యి ఉన్నది. మనం తిన్న అన్నమే దానికి వంటచెరకు. చలికాలమైనా, ఎండాకాలమైనా మన ఒళ్ళు సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉంటుంది. తొండకు, బల్లికి, పాముకు, తాబేలుకు ఇటువంటి పొయ్యి లేదు. వాటికి కావలసిన వేడి బయటినుంచి రావాలి. “చల్లని నెత్తురు జంతువులు” అని వీటిని అంటారు గాని, ఆ మాట సరి అయినది కాదు. ఎండలో ఉన్న కొన్ని ఎడారి బల్లుల నెత్తురు మన నెత్తురుకన్న వెచ్చగా ఉంటుంది!

తొండకు పొయ్యి లేకపోయినా, వేడి ఎంత ఉన్నదో తెలుసుకునే ఏర్పాటు మెదడులో ఉన్నది. తక్కువైతే ఎండలోకి, ఎక్కువైతే నీడలోకి పొమ్మని అది కాళ్ళకు చెబుతుంది. అంటే తొండ తన థర్మోస్టాటును తలలో పెట్టుకుని తిరుగుతున్నదన్న మాట.

అమెరికాలోని మీ అన్నయ్య ఏ రకం బల్లిని పెంచుతున్నాడో మీరు రాయలేదు. ఆస్ట్రేలియా ఎడారిలో పుట్టిన గడ్డపు డ్రాగన్ అనే బల్లిని చాలామంది పెంచుతారు. తెలిసినవారు దాని పెట్టెను అంతటా ఒకే వేడితో ఉంచరు. ఒక కొసన దీపం కింద సుమారు 40 డిగ్రీలు, రెండో కొసన సుమారు 25 డిగ్రీలు ఉండేలా చేస్తారు. ఎక్కడ కూచోవాలో బల్లే చూసుకుంటుంది. దీపం మితిమీరి కాగకుండా చూడటమే అక్కడ థర్మోస్టాటు పని. అది కాస్త అటూ ఇటూ అయినా బల్లికి కాళ్ళున్నాయి, జరిగిపోతుంది.

మరి గుడ్డుకు కాళ్ళు లేవే! పెట్టినచోట ఎంత వేడి ఉంటే అంత వేడీ భరించవలసిందే. అందుకే బల్లి పెట్టెకన్న గుడ్ల పెట్టెకు మంచి థర్మోస్టాటు కావాలి.

పెట్టెలో కాపలాదారు

చిత్రమేమంటే, వేడిని తనంతట తాను అదుపుచేసే యంత్రాల కథ కోడిగుడ్లతోనే మొదలయింది. వెనకటికి ఈజిప్టు దేశంలో ఇటుక గదుల్లో నిప్పు పెట్టి వేలకొద్దీ గుడ్లు పొదిగించేవారు. వారికి థర్మోమీటరు లేదు. గుడ్డును కంటిరెప్పకు ఆనించి, వేడి సరిపోయిందో లేదో చెప్పేవారు. కంటిరెప్ప చర్మం బహు సున్నితం కదా!

1572 లో పుట్టి 1633 లో మరణించిన కోర్నేలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు ఇంగ్లండులో ఉండగా ఒక పొదిగే పెట్టె తయారుచేశాడు. అందులో ఒక గొట్టం నిండా సారాయి, దానికి ఆనుకుని పాదరసం ఉండేవి. పెట్టె వేడెక్కితే సారాయి పొంగి పాదరసాన్ని నెట్టేది. పాదరసం ఒక కడ్డీని పైకెత్తేది. ఆ కడ్డీ, పొయ్యిలోకి గాలి పోయే కంతను మూసేది. గాలి లేక నిప్పు మందగించేది. పెట్టె చల్లబడితే కంత మళ్ళీ తెరుచుకునేది. మనిషి కూర్చుని కాపలా కాయనక్కరలేకపోయింది.

తరవాత వచ్చింది రెండు లోహాల పట్టీ. ఇత్తడి రేకును, ఇనప రేకును ఒకదానికొకటి అతికిస్తారు. వేడెక్కితే ఇత్తడి ఇనుముకన్న ఎక్కువ సాగుతుంది. రెండూ అతికి ఉన్నాయి కనుక పట్టీ ఇనుము వైపుకు వంగుతుంది. వంగగానే విద్యుత్తు తీగ తెగినట్టవుతుంది. 1830 లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఇటువంటి పట్టీతో పనిచేసే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. “థర్మోస్టాటు” అన్న పేరు పెట్టినది ఆయనే. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె “టక్” మన్నప్పుడు ఆ పట్టీ వంగిందని తెలుసుకోండి. ఇప్పటి పొదిగే పెట్టెల్లో పట్టీకి బదులు మిరియపు గింజంత పూస ఒకటి తీగ చివర ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ దానిగుండా విద్యుత్తు సులభంగా పోతుంది. ఆ తేడాను చూసి యంత్రం బల్బును ఆర్పుతుంది.

సాధనం ఏదైనా అది చెయ్యవలసిన పనులు మూడు: వేడిని తెలుసుకోవటం, కావలసిన వేడితో పోల్చిచూడటం, తేడాను సరిచెయ్యటం. ఈ మూడూ గుర్తుంచుకోండి, మళ్ళీ వీటితో పని ఉన్నది.

మీ కోడిగుడ్ల పెట్టెకు థర్మోస్టాటు ఎంచుకునేటప్పుడు చూడవలసినవి ఇవి. మొదటిది, వేడి ఎంత మారితే అది మేలుకుంటుంది? ఇస్త్రీపెట్టెలో పది డిగ్రీలు అటూ ఇటూ ఐనా చొక్కాకు నష్టం లేదు. కోడిగుడ్డుకు 37.5 డిగ్రీలు కావాలి. థర్మోస్టాటు అర డిగ్రీ తేడాకే మేలుకోవాలి. రెండవది, పూస గుడ్ల ఎత్తులో ఉండాలి. బల్బు పక్కన పెడితే అది బల్బు వేడిని చెబుతుంది గాని గుడ్డు వేడిని చెప్పదు. మూడవది, థర్మోస్టాటు చెప్పే అంకెను నమ్మి ఊరుకోరాదు. గుడ్ల పక్కన వేరే థర్మోమీటరు ఉంచి రోజూ చూడాలి. నాలుగవది, ఒక్కొక్కప్పుడు లోపలి మీట అతుక్కుపోయి బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అందుకని తెలిసినవారు కొంచెం పై అంకెకు పెట్టిన రెండో థర్మోస్టాటును కూడా తగిలిస్తారు. అయిదవది, కరెంటు పోతే ఎంత మంచి థర్మోస్టాటూ ఏమీ చెయ్యలేదు. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో ఎన్ని రోజులు దీపాలు లేవో మీ అమ్మానాన్నలను అడగండి.

తమ్ములా, చెల్లెళ్ళా?

ఇక తాబేలు సంగతి. మీ ఒడ్డుకు వచ్చేది ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు. చలికాలం చివరినుంచి ఎండలు ముదిరేదాకా ఆడతాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకు వస్తాయి. వెనక కాళ్ళతో కూజా ఆకారంలో మూరెడు లోతు గొయ్యి తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి పోతాయి. ఇచ్ఛాపురం దాటి ఉత్తరానికి పోతే ఒడిశాలో రుషికుల్య నది ముఖద్వారం వస్తుంది. అక్కడ కొన్ని ఏళ్ళలో లక్షల తాబేళ్ళు ఒకేసారి వస్తాయి. మన తీరాన ఒకటొకటిగా వస్తాయి. తల్లి మళ్ళీ గూటి దగ్గరికి రాదు. పొదిగే పని అంతా ఇసుకదే. ఏడెనిమిది వారాల్లో పిల్లలు పైకి వస్తాయి.

ఈ గుడ్లను మీ పెట్టెలో పెడితే ఏమవుతుంది? 37.5 డిగ్రీల వేడికి లోపలి పిండాలన్నీ చచ్చిపోతాయి. తాబేలు గుడ్లు 35 డిగ్రీలు దాటిన వేడిలో నిలకడగా ఉంటే బతకవు. మరొకటి, కోడి తన గుడ్లను రోజూ దొర్లిస్తుంది. మీరూ పెట్టెలో దొర్లించే ఉంటారు. తాబేలు గుడ్డును దొర్లించరాదు. పెట్టిన కొద్ది గంటల్లోనే పిండం గుడ్డు పైభాగాన లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తరవాత గుడ్డు తలకిందులైతే పిండం చచ్చిపోతుంది. కోడిగుడ్డు పెంకులాగా దీని పెంకు గట్టిది కాదు, మెత్తని తోలులా ఉంటుంది. చుట్టూ తడి లేకపోతే ఎండి ముడుచుకుపోతుంది.

“సరే, వేడి తగ్గించి, దొర్లించకుండా, తడి ఇసుకలో పెడితే?” అని మీరు అడుగుతారు. అసలు వింత ఇప్పుడు చెబుతాము.

కోడిగుడ్డులో పుంజు ఉన్నదో పెట్ట ఉన్నదో గుడ్డు పెట్టేనాటికే నిర్ణయమైపోతుంది. తాబేలు గుడ్డులో అలా కాదు. పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే, నడిమి భాగంలో గూటి వేడి ఎంత ఉన్నదో దాన్నిబట్టి పిల్ల మగదో, ఆడదో అవుతుంది! ఈ సంగతి మొదట బల్లిలో కనబడింది. 1966 లో మడలెన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు ఆఫ్రికాలో ఒక జాతి బల్లి గుడ్లను పరిశీలించి ఇది ప్రకటించింది. మన ఆలివ్ రిడ్లే గుడ్లలోనూ ఇదే జరుగుతుందని 1980 తరవాతి ఏళ్ళలో తేల్చినవారిలో ఒడిశా శాస్త్రజ్ఞురాలు ప్రియంబద మొహంతి హెజ్మాది ఒకరు. ఈమె పేరుపొందిన ఒడిస్సీ నర్తకి కూడా.

ఇంచుమించు 29, 30 డిగ్రీల దగ్గర ఆలివ్ రిడ్లే పిల్లలు సగం మగవి, సగం ఆడవి అవుతాయి. అంతకు ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే దాదాపు అన్నీ మగవే. ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే దాదాపు అన్నీ ఆడవే. అన్ని జంతువుల్లోనూ లెక్క ఇదే అనుకోకండి. మన నదుల్లో ఉండే మొసలి గుడ్లను మద్రాసు మొసళ్ళ కేంద్రంలో 28 మొదలు 31 డిగ్రీల దాకా పొదిగించి చూస్తే అన్నీ ఆడవే లేచాయి. 32.5 డిగ్రీలకు మగవి లేచాయి!

ఇప్పుడు ఆలోచించండి. మీరు కొన్న థర్మోస్టాటు ఒకటిన్నర డిగ్రీ తప్పు చూపిస్తున్నదనుకుందాం. పిల్లలన్నీ బతికే ఉంటాయి. చలాకీగా సముద్రంలోకి పరిగెత్తుతాయి. మీరు చప్పట్లు కొడతారు. కాని అవి పెరిగి పెద్దవై గుడ్లు పెట్టే ఈడుకు రావటానికి పదిహేనేళ్ళు కావచ్చు. మీరు చేసిన తప్పు అప్పటిదాకా ఎవరి కంటా పడదు. పిల్లలు పుట్టటమే చాలదు, మళ్ళీ పిల్లలను కనటానికి ఆడా మగా రెండూ కావాలి కదా!

ఇసుక చేసే పని

మరి థర్మోస్టాటు లేని ఇసుక ఈ పని ఎలా చేస్తున్నది?

మార్చి నెల మిట్టమధ్యాహ్నం మీ ఒడ్డున చెప్పులు లేకుండా నడిస్తే కాళ్ళు కాలుతాయి. రాత్రి అదే ఇసుక చల్లగా ఉంటుంది. పైన రోజూ ఇంత తేడా ఉన్నా, మూరెడు లోతులో ఒక డిగ్రీ తేడా కూడా ఉండదు. ఇసుక రేణువుల మధ్య ఉన్న గాలి వేడిని తొందరగా పోనివ్వదు. లోపలి తడి కూడా ఊరికే వేడెక్కదు. పగటి వేడి మెల్లగా కిందికి దిగేసరికి పైన రాత్రి అయిపోతుంది. అంతలో మళ్ళీ పగలు. ఇలా ఎండా చలీ ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. తల్లి తాబేలు మూరెడు లోతు ఎందుకు తవ్వుతుందో అర్థమయిందా?

ఐతే ఇసుక థర్మోస్టాటు మాత్రం కాదు. ఇందాక చెప్పిన మూడు పనులూ గుర్తు తెచ్చుకోండి. ఇసుక వేడిని పోల్చిచూడదు, సరిచెయ్యదు. మోటుగా వచ్చే మార్పును నిదానం చేస్తుంది, అంతే. ఒక్క రోజు ఎండను అది ఆపగలదు. నెల పొడవునా కాసిన ఎండను ఆపలేదు. అందుకే జనవరిలో పెట్టిన గూడు చల్లగా, మార్చిలో పెట్టిన గూడు వేడిగా ఉంటాయి. మొదటిదానిలో మగపిల్లలు, రెండవదానిలో ఆడపిల్లలు ఎక్కువ. తాబేళ్ళు వేరువేరు నెలల్లో, వేరువేరు చోట్ల గుడ్లు పెట్టటంవల్ల మొత్తంమీద రెండూ పుడుతూ వచ్చాయి.

ఇప్పుడు భూమి మొత్తమే వేడెక్కుతున్నది. ఆ వేడి ఇసుకలోకీ దిగుతుంది. ఆస్ట్రేలియా ఉత్తరపు పగడపు దిబ్బల దగ్గర పుట్టిన మరొక జాతి తాబేళ్ళను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2018 లో ఫలితాలు ప్రకటించారు. పెరుగుతున్న చిన్న తాబేళ్ళలో నూటికి 99 ఆడవే! అక్కడ ఇసుక తన పని తాను చేస్తూనే ఉన్నది. సరిదిద్దేవారే లేరు.

పందిరి వేసే మనిషి

మన శ్రీకాకుళం తీరాన అటవీశాఖవారు, స్వచ్ఛంద సంస్థలవారు పొదుగు కేంద్రాలు పెట్టారు. ఒడ్డున ఉండే మత్స్యకారుల పిల్లలే చాలాచోట్ల కాపలాదారులు. వీరు రాత్రిళ్ళు ఒడ్డు వెంట తిరిగి, తాబేలు జాడ పట్టుకుంటారు. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోగా, పైభాగం పైకే ఉండేలా జాగ్రత్తగా తీసి, కంచె వేసిన చోటికి తెస్తారు. తల్లి తవ్విన ఆకారంలోనే, అంతే లోతున గొయ్యి తీసి పాతిపెడతారు. ఏ తేదీన ఎన్ని గుడ్లో చీటీ మీద రాస్తారు. నక్కలు, కుక్కలు రాకుండా కాస్తారు.

ఇక్కడ ఒక చిక్కున్నది. ఒడ్డు పొడుగునా ఎండలో కొన్ని, నీడలో కొన్ని ఉండవలసిన గూళ్ళు ఒకేచోట చేరాయి. ఆ చోటు మరీ వేడిదైతే అన్నీ ఆడవే అవుతాయి. అందుకని గూటి లోతులో వేడి ఎంత ఉన్నదో కొలిచి చూడాలి. ఎండ ముదిరితే పైన పందిరి వేసి నీడ చెయ్యాలి. కొన్ని గూళ్ళను ఆరుబయట ఉంచాలి. తెలుసుకోవటం, పోల్చిచూడటం, సరిచెయ్యటం: మూడు పనులూ అయినాయి. ఇసుకకు తక్కువైన రెండు పనులనూ మనిషి చేస్తున్నాడు. కొబ్బరాకుల పందిరి వేసిన మనిషే అక్కడ థర్మోస్టాటు. కరెంటు పోయినా ఈ థర్మోస్టాటు ఆగదు.

కనుక, మీరు కొనవలసిన థర్మోస్టాటు ఏదీ లేదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. అనుమతి లేకుండా గుడ్లను తీసినా, దాచినా నేరమే. మంచి ఉద్దేశంతో చేసినా సరే. నక్షత్ర తాబేలును, ఉడుమును ఇళ్ళల్లో పెంచటానికి కూడా ఆ చట్టం ఒప్పుకోదు.

మరి మీరు చెయ్యగలది ఏమీ లేదా? ఉన్నది. ఒడ్డున తాబేలు జాడ కనబడితే దాన్ని తొక్కకుండా, దూరంగా గుర్తు పెట్టి కబురు చెయ్యండి. పొద్దుపోయాక పిల్లలు పైకి వచ్చే కాలంలో ఒడ్డున మంటలు వెయ్యవద్దనీ, పెద్ద దీపాలు వెలిగించవద్దనీ మీ ఊళ్ళో చెప్పండి. పైఇసుక చల్లబడినప్పుడే అవి బయటికి వస్తాయి. వెలుగు ఎటు ఉంటే సముద్రం అటే అనుకుని పోతాయి. ఊళ్ళో దీపాలు ఎక్కువైతే దారి తప్పి ఊరి వైపు వస్తాయి.

మీరే చేసి చూడండి

ఉద్దానంలో బడి ఆవరణ కూడా ఇసుకనేలే కనుక ఈ ప్రయోగానికి ఒడ్డుకు పోనక్కరలేదు. ఎండపడే చోట జానెడు లోతున ఒక గొయ్యి, మూరెడు లోతున ఒక గొయ్యి తవ్వండి. ఒక్కొక్క గోతిలో అడుగు తెరిచి ఉన్న వెదురు గొట్టం నిలబెట్టి, చుట్టూ ఇసుక కప్పండి. బడి థర్మోమీటరును దారం కట్టి గొట్టం అడుగుకు దించి, గొట్టం మూతిని గుడ్డతో మూసి, పది నిమిషాలు ఉంచండి. పైకి లాగి వెంటనే అంకె చూడండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి, పైఇసుకదీ రెండు గోతులదీ వేడి పట్టికగా రాయండి. ఇలా వారం రోజులు చెయ్యండి. తరవాత గోతులమీద కొబ్బరాకుల పందిరి వేసి మరొక వారం చూడండి.

పందిరి వేసిన మర్నాడే మూరెడు లోతున మార్పు కనబడుతుందా, కొన్ని రోజులు పడుతుందా? ముందు ఊహించి ఒక కాగితంమీద రాసిపెట్టుకుని, ఆ తరవాత కొలవండి. మీ పట్టికలు మాకు పంపితే, వచ్చే నెల ఇదే పేజీలో వాటిని గురించి మాట్లాడుకుందాం.